సైన్యమును పంపుటపై ప్రజల ఓటు: అమెరికాలో సంతకాల సేకరణ చరిత్ర, సంఘ కాపరికి దాని పాఠములు

ప్రవేశిక

2003వ సంవత్సరము జూన్ నెల. ఇరాక్‌కు భారత సైన్యమును పంపవలెనని అమెరికా ప్రభుత్వము మన ప్రభుత్వమును అడుగుతున్న రోజులవి. మా సంఘ యౌవనస్థులు ఒక విన్నపము వ్రాసి తెచ్చారు. మన సైనికులను ఆ దేశమునకు పంపవద్దని ప్రధానమంత్రి గారిని కోరే కాగితమది. మేము దానిని చదివి సంతోషించాము. ఆదివారపు ఆరాధనలో ఆశీర్వచనమునకు ముందు, అందరూ సంతకము చేసి ఇండ్లకు వెళ్లవలెనని పులపిట మీద నుండి ప్రకటించాము. పావుగంటలో మూడు కాగితములు నిండిపోయాయి.

మరునాడు సాయంకాలము సంఘములోని ఒక మామ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె మనుమడు సైన్యములో జవాను. “నిన్న ఏలిముద్ర ఏయించుకున్నారు గదా అయ్యగారూ, అది మావాణ్ణి ఇంటికి రప్పించే కాయితమా, ఉజ్జోగం ఊడగొట్టే కాయితమా?” అని అడిగింది. కాగితములో ఏమున్నదో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. మేమూ వినిపించలేదు. “మీరు చెప్పారని ఏశాను” అన్నది. ఆ మాటకు మా యొద్ద జవాబు లేకపోయింది.

ఐక్యరాజ్యసమితి యొక్క స్పష్టమైన ఆదేశము లేకుండా సైన్యమును పంపజాలమని అదే సంవత్సరము జూలై 14న మన ప్రభుత్వము ప్రకటించింది. ఆ విధముగా మేము కోరినదే జరిగింది. అయినను ఆ మామ్మ ప్రశ్న మమ్మును విడువలేదు. సైన్యమును పంపుటను గూర్చి సామాన్య ప్రజల సంతకములు సేకరించి, దానిని బ్యాలెట్ మీదికి తెచ్చిన అనుభవము అమెరికా దేశములో ఉన్నది. ఆ చరిత్రను చదువుచుండగా, మేము చేసిన తప్పిదము మాకంటె ముందే, మాకంటె చదువుకొన్నవారి చేత కూడ జరిగినదని కనుగొన్నాము. ఈ వ్యాసములో ఆ చరిత్రను క్లుప్తముగా వివరించి, సంఘ కాపరికి అది నేర్పు పాఠములను పరిశీలిస్తాము.

1. యుద్ధమునకు పంపు అధికారము ఎవరిది?

ఈ ప్రశ్న బైబిలునకు క్రొత్తది కాదు. ఇశ్రాయేలీయులు తమకు రాజు కావలెనని అడిగినప్పుడు సమూయేలు వారికి మొట్టమొదట చేసిన హెచ్చరిక, ఆ రాజు వారి కుమారులను రథముల యొద్దను, గుఱ్ఱముల యొద్దను ఉంచుకొనుటను గూర్చినదే (1 సమూయేలు 8:11, 12). ద్వితీయోపదేశకాండము 20:5–8లో యుద్ధమునకు ముందు నాయకులు సైన్యము ఎదుట నిలిచి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. క్రొత్త ఇల్లు కట్టుకొన్నవాడు, ద్రాక్షతోట నాటినవాడు, పెండ్లి నిశ్చయమైనవాడు, చివరకు భయపడువాడు కూడ ఇంటికి తిరిగి వెళ్లవచ్చును. ఇక్కడ గమనింపదగిన సంగతి, యుద్ధమునకు బయలుదేరక ముందు ప్రతి ఇంటి పరిస్థితిని విచారింపవలెనన్న నియమము. ధర్మశాస్త్రములో సైన్యమంటే తలల లెక్క మాత్రమే కాదు, ఆ తలల వెనుకనున్న ఇండ్లు కూడ.

అమెరికా రాజ్యాంగము మొదటి అధికరణము ప్రకారము యుద్ధమును ప్రకటించే అధికారము ఆ దేశపు శాసనసభయైన కాంగ్రెసుది. అధ్యక్షుడు సర్వసేనాధిపతి. ప్రజలకు నేరుగా ఇందులో భాగము లేదు. ఈ లోటును సవరింపదలచి ఇండియానా రాష్ట్రమునుండి ఎన్నికైన లూయీ లడ్లో అను సభ్యుడు 1930 దశకములో ఒక రాజ్యాంగ సవరణను ప్రతిపాదించాడు. దేశముపై దాడి జరిగినప్పుడు తప్ప, యుద్ధము ప్రకటించుటకు దేశవ్యాప్తముగా ప్రజల ఓటు జరుగవలెనన్నది దాని సారాంశము. దానిని కమిటీనుండి బయటకు తెచ్చుటకు అవసరమైన 218 మంది సభ్యుల సంతకములు 1937 డిసెంబరులో పూర్తి అయ్యాయి. అయితే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దానిని వ్యతిరేకించాడు. 1938 జనవరి 10న అది చర్చకు రాకుండానే 188కి 209 ఓట్ల తేడాతో వీగిపోయింది. దేశ స్థాయిలో మూసుకొనిన ఆ తలుపును తరువాతి తరమువారు పట్టణములలోను, రాష్ట్రములలోను తట్టవలసి వచ్చింది.

2. సంతకము బ్యాలెట్ మీదికి వచ్చు విధము

మన దేశములో రక్షణ శాఖ కేంద్ర జాబితాలోనిది. రాష్ట్ర ప్రజలు సైన్యమును గూర్చి ఓటు వేయు ఏర్పాటు మనకు లేదు. కనుక అమెరికాలోని పద్ధతిని కొంచెము వివరించుట అవసరము.

ప్రజలే ఒక ప్రతిపాదనను వ్రాసి, నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకములు సేకరించి, దానిని ఎన్నికలలో ఓటుకు పెట్టే హక్కును మొదట అంగీకరించిన రాష్ట్రము దక్షిణ డకోటా (1898). తరువాత ఆరిగన్ (1902), కాలిఫోర్నియా (1911) మొదలైన రాష్ట్రములు ఆ మార్గమును అనుసరించాయి. నేడు సుమారు సగము రాష్ట్రములలో ఏదో ఒక రూపములో ఈ హక్కు ఉన్నది. రాష్ట్ర స్థాయిలో లేనిచోట్ల కూడ పట్టణములలోను గ్రామములలోను ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయి.

పని జరుగు తీరు ఇది. ప్రశ్నను స్పష్టమైన మాటలలో వ్రాయవలెను. సేకరించువాడు కాగితముతో ఇంటింటికి, అంగడి వాకిళ్లకు, గుడి మెట్ల యొద్దకు వెళ్లును. సంతకము చేయువాడు నమోదైన ఓటరై యుండవలెను. పేరుతోపాటు చిరునామా వ్రాయవలెను. ఒకరి తరపున మరియొకరు సంతకము చేయరాదు. ఎన్నికల అధికారి ఆ పేర్లను ఓటర్ల జాబితాతో సరిచూచి, పనికిరాని వాటిని కొట్టివేయును. అందువలన అనుభవమున్నవారు అవసరమైన సంఖ్యకంటె చాలా ఎక్కువగా సేకరింతురు. విస్కాన్సిన్ రాష్ట్రములో పట్టణ స్థాయి ప్రతిపాదనకు, అంతకు ముందు గవర్నరు ఎన్నికలో ఆ పట్టణములో పోలైన ఓట్లలో నూటికి 15 వంతుల సంతకములు కావలెను. వెర్మాంట్ రాష్ట్రములో గ్రామసభ ఎజెండాలో ఒక అంశమును చేర్పించుటకు ఓటర్లలో నూటికి 5గురి సంతకములు చాలును.

సైన్యమును గూర్చిన ప్రతిపాదనలలో అధిక భాగము చట్టముగా మారేవి కావు. పట్టణ ఓటు అధ్యక్షుని ఆజ్ఞను రద్దు చేయజాలదు. అది ఒక అభిప్రాయ ప్రకటన మాత్రమే. మరి అంత శ్రమ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు ఫలితముల సంఖ్యలలోకంటె, ఆ గుమ్మముల యొద్ద జరిగిన సంభాషణలలో ఉన్నదని మా అభిప్రాయము.

3. శాన్‌ఫ్రాన్సిస్కో, 1967

వియత్నాము యుద్ధము తీవ్రమైన రోజులలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరవాసులు కొందరు ఒక ప్రతిపాదనను సిద్ధము చేశారు. వెంటనే కాల్పుల విరమణ జరుగవలెను, అమెరికా సైన్యము వియత్నామునుండి తిరిగి రావలెను అన్నది దాని సారము. సంతకములు సేకరించి నగర ఎన్నికల రిజిస్ట్రారు యొద్దకు తీసుకొనిపోగా, విదేశ వ్యవహారములు నగరమునకు సంబంధించినవి కావని అభ్యంతరము వచ్చింది. వ్యవహారము కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ఫార్లీ, హీలీల మధ్య నడిచిన ఈ వ్యాజ్యములో కోర్టు 1967లో తీర్పు చెబుతూ, నగర చార్టరు ప్రజలకు విధాన ప్రకటన చేసే హక్కు ఇచ్చినది గనుక, తమ సంతకములతో వచ్చిన ప్రశ్నను ఓటుకు పెట్టవలసినదేనని నిర్ణయించింది. ఓటు యుద్ధమును ఆపజాలకపోయినను, ప్రజలు తమ మనస్సును తెలుపుకొనుట వ్యర్థము కాదన్న భావము ఆ తీర్పులో ఇమిడియున్నది.

1967 నవంబరు 7న జరిగిన ఓటులో ‘ప్రతిపాదన పి’ ఓడిపోయింది. అనుకూలముగా నూటికి 37 మంది, వ్యతిరేకముగా 63 మంది ఓటు వేశారు. 37 సంవత్సరముల తరువాత, 2004 నవంబరులో, ఇరాక్‌నుండి సైన్యమును తిరిగి రప్పించవలెనని కోరిన ‘ప్రతిపాదన ఎన్’ అదే నగరములో ఓటుకు వచ్చింది. ఈసారి అనుకూలముగా ఓటు వేసినవారు నూటికి 63 మంది. అంకెలు సరిగ్గా తారుమారైనవి. ఓడిపోయిన సంతకములు మరియొక తరములో ఫలించునన్నదానికి కొందరు దీనిని దృష్టాంతముగా చూపుదురు. అది కొంతవరకు నిజమే. అయితే వియత్నాములో మరణించిన అమెరికా సైనికులు 58,000 మందికి పైగా ఉన్నారు. వియత్నాము ప్రజల మరణములు దానికి అనేక రెట్లు. ఫలము ఆలస్యమైనప్పుడు దాని వెల ఎవరు చెల్లించారన్న సంగతిని మనము మరువరాదు.

4. కేంబ్రిడ్జి, డియర్‌బార్న్: రెండు పట్టణములు, రెండు పాఠములు

అదే 1967 నవంబరు 7న, దేశపు మరియొక చివరనున్న మసాచుసెట్స్ రాష్ట్రములోని కేంబ్రిడ్జి పట్టణములో కూడ అమెరికా సైనికులను వియత్నామునుండి ఇంటికి రప్పించవలెనన్న ప్రశ్నపై ఓటు జరిగింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయము ఉన్న పట్టణమిది. ఆ సంవత్సరము ఏప్రిల్ 23న మార్టిన్ లూథర్ కింగ్, శిశువైద్యుడు బెంజమిన్ స్పాక్ ఈ పట్టణమునకే వచ్చి, వేసవిలో ఇంటింటికి వెళ్లి యుద్ధమును గూర్చి మాట్లాడే కార్యక్రమమును ప్రకటించారు. కింగ్ తానే కొన్ని ఇండ్ల గంటలు మ్రోగించాడు. స్థానిక ఉద్యమ నాయకులలో ఒకడు మైకేల్ వాల్జర్. న్యాయమైన యుద్ధమును గూర్చి 1977లో ఆయన ప్రచురించిన గ్రంథమును మన సెమినరీలలో నీతిశాస్త్రము చదువువారు ఎరుగుదురు.

ఫలితము ఓటమియే. అనుకూలముగా నూటికి సుమారు 39 మంది. అంతకంటె ముఖ్యమైన సంగతి, ఓట్లు ఎక్కడ పడినవి, ఎక్కడ పడలేదు అన్నది. చదువు, ఆదాయము ఎక్కువగా ఉన్న వీధులలో అనుకూల ఓట్లు వచ్చాయి. కూలి పనులు, ఫ్యాక్టరీ పనులు చేసుకొనే కుటుంబములు ఉన్న వీధులలో వ్యతిరేక ఓట్లు పడినవి. ఆ రెండవ వీధులనుండియే పిల్లలు యుద్ధమునకు వెళ్లారు. కాలేజీలో చదువుచున్నవారికి సైనిక భర్తీనుండి వాయిదా దొరికేది. తలుపు తట్టిన యువకునికి ఆ వాయిదా ఉన్నది. తలుపు తీసిన తల్లి కుమారునికి లేదు. ఆ తల్లి తన కొడుకు తిరిగి రావలెనని కోరుకోలేదా? తప్పక కోరుకొన్నది. కాని తన కొడుకు చేయుచున్నది తప్పుడు పని అని, ఆ కష్టము లేనివాడు వచ్చి చెప్పినట్లు ఆమెకు తోచింది.

ఈ మాట మా ఊహ మాత్రమే కాదనుటకు మిషిగన్ రాష్ట్రములోని డియర్‌బార్న్ పట్టణము సాక్ష్యము. ఫోర్డ్ మోటారు కార్ల ఫ్యాక్టరీ కార్మికులు నివసించు పట్టణమిది. అక్కడ 1966 నవంబరులో పట్టణ పాలకులే ఈ ప్రశ్నను బ్యాలెట్ మీద పెట్టారు. అనుకూలముగా నూటికి 41 మంది ఓటు వేశారు. 1968లో మరల అడుగగా ఆ సంఖ్య 57కు పెరిగింది. హార్లాన్ హాన్ అను రాజనీతి శాస్త్రజ్ఞుడు ఇటువంటి ఓట్లను పరిశీలించి 1970లో ఒక వ్యాసము ప్రకటించాడు. కార్మిక వర్గము యుద్ధమును ఎక్కువగా సమర్థించిందన్న సాధారణ అభిప్రాయము తప్పని, సైన్యమును రప్పించుటకు అనుకూలమైన ఓట్లు తక్కువ ఆదాయ వర్గముల వీధులలో అధికముగా కనబడినవని ఆయన తేల్చాడు.

అనగా కార్మికుని ఇల్లు యుద్ధము పక్షమున లేదు. కేంబ్రిడ్జిలో వారు తిరస్కరించినది అడిగిన ప్రశ్నను కాక, అడిగినవారిని అని మేము గ్రహించుచున్నాము. ఇక్కడ మరియొక హెచ్చరిక కూడ ఉన్నది. డియర్‌బార్న్ మేయరు ఆర్విల్ హబ్బర్డ్ నల్లజాతివారిని తన పట్టణములో నివసింపనీయకుండ అడ్డుకొన్నవాడుగా పేరుపొందాడు. మంచి ప్రశ్న అడిగిన చేతులన్నియు శుభ్రమైన చేతులు కావు. శాంతిని గూర్చిన కాగితము తెచ్చినంత మాత్రాన ఆ తెచ్చినవానిని పరీక్షింపకుండ విడిచిపెట్టరాదు.

5. మసాచుసెట్స్ చట్టము: ఒక కాపరి ఆలోచన

పట్టణముల ఓటు అభిప్రాయ ప్రకటనగా మిగిలిపోయిన తరువాత, దానిని చట్టముగా మార్చుటకు జరిగిన ప్రయత్నములలో ఒక కాపరికి ముఖ్యమైన పాత్ర ఉన్నది. లెక్సింగ్టన్ పట్టణములో పరిచర్య చేసిన జాన్ వెల్స్ యూనిటేరియన్ సంఘ కాపరి. త్రిత్వ సిద్ధాంతమును ఒప్పుకొనని ఆ సంఘముతో మనకు విశ్వాస విషయములో ఏకీభావము లేదు. అయినను పౌర జీవితములో ఆయన వేసిన అడుగు అధ్యయనము చేయదగినది. కాంగ్రెసు ప్రకటింపని యుద్ధములో తన రాష్ట్ర పౌరులు విదేశములో పోరాడవలసిన పని లేదని రాష్ట్రమే ఎందుకు చట్టము చేయరాదని ఆయన ఆలోచించాడు. న్యూటన్ పట్టణమునుండి రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన జేమ్స్ షే ఆ బిల్లును ప్రవేశపెట్టాడు. 1970 ఏప్రిల్ 2న గవర్నరు ఫ్రాన్సిస్ సార్జెంట్ దానిపై సంతకము చేశాడు.

న్యూటన్ అన్న పేరు తెలుగు బాప్టిస్టు సంఘములకు అపరిచితము కాదు. 1849లో నెల్లూరు చేరిన లైమన్ జూయెట్ దొరగారు వేదాంత విద్య అభ్యసించినది న్యూటన్ థియొలాజికల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే. ఒంగోలు ప్రార్థన కొండ మీద ఆయన 1854లో చేసిన ప్రార్థనను మనము నేటికిని జ్ఞాపకము చేసికొనుచున్నాము. మన బాప్టిస్టు సంఘములలో సభ్యులందరు కూడుకొని చేతులెత్తి నిర్ణయము చేయు పద్ధతికిని, న్యూ ఇంగ్లండు పట్టణ సభలకును మూలము ఒకటే. ఆ ప్రాంతములో పూర్వము ఆరాధన మందిరమే పట్టణ సభా మందిరముగా కూడ ఉండేది. కనుక ఈ చరిత్ర మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఆ చట్టము ఆదేశించినట్లు రాష్ట్ర అటార్నీ జనరల్ వ్యాజ్యమును నేరుగా అమెరికా సుప్రీంకోర్టుకు తీసుకొనిపోయాడు. 1970 నవంబరు 9న ఆరుగురు న్యాయమూర్తులు దానిని విచారణకు స్వీకరించుటకు నిరాకరించారు. డగ్లస్, హార్లన్, స్టూవర్ట్ అను ముగ్గురు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయము తెలిపారు. క్రింది కోర్టులో మరల వేసిన వ్యాజ్యము కూడ 1971లో కొట్టివేయబడింది. షే ఆ ఫలితమును చూడలేదు. చట్టము వచ్చిన మరుసటి నెలలోనే చిన్న వయస్సులో మరణించాడు. అదే 1970 నవంబరు ఎన్నికలలో రాష్ట్రమంతటి ఓటర్ల ముందు వియత్నామును గూర్చిన ప్రశ్న ఉంచబడింది. సైనిక విజయము సాధించుట, ప్రణాళిక ప్రకారము సైన్యమును వెనుకకు రప్పించుట, వెంటనే రప్పించుట అను మూడు మార్గములలో ఒకదానిని ఎన్నుకొనవలెను. రెండవ మార్గమునకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ‘అవును’, ‘కాదు’ అను రెండు మాటలలో ఇమడని మనస్సు సామాన్యునికి ఉన్నదని ఈ ఓటు తెలియజేయుచున్నది.

6. వెర్మాంట్, 2005: ఇంటిలోని ప్రశ్న ఊరి ప్రశ్న అయినప్పుడు

అమెరికాలో నేషనల్ గార్డ్ అను సైన్యము ఉన్నది. వీరు సాధారణ దినములలో ఉపాధ్యాయులు, మెకానిక్కులు, రైతులు. వరదలు, తుపానులు వచ్చినప్పుడు గవర్నరు పిలుపు మీద పనికి వస్తారు. అదే సమయములో కేంద్ర ప్రభుత్వము వీరిని విదేశ యుద్ధములకు పిలువవచ్చును. 1980 దశకములో కొందరు గవర్నర్లు తమ గార్డును మధ్య అమెరికాకు శిక్షణకు పంపుటకు అభ్యంతరము తెలిపినప్పుడు, 1986లో కాంగ్రెసు ఒక సవరణ చేసి వారి అధికారమును తగ్గించింది. మిన్నెసోటా గవర్నరు రూడీ పెర్పిచ్ దానిని సవాలు చేయగా, 1990లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా కేంద్రము పక్షముననే తీర్పు చెప్పింది.

ఇరాక్ యుద్ధములో ఈ గార్డు సైనికులు పెద్ద సంఖ్యలో పంపబడినప్పుడు, చిన్న రాష్ట్రమైన వెర్మాంట్‌లో ఆ భారము ఊరూరికి తెలిసింది. బడిలో పంతులు లేడు, అగ్నిమాపక దళములో మనిషి తక్కువ, ఇంటిలో తండ్రి లేడు. ఈ స్థితిలో కొందరు పౌరులు ఒక తీర్మానము వ్రాసి గ్రామసభలకు తెచ్చుటకు సంతకములు సేకరించారు. ఆ తీర్మానమునకు మూడు భాగములున్నవి. గార్డు సైనికులను పంపుట వలన రాష్ట్రముపై కలిగిన ప్రభావమును శాసనసభ పరిశీలింపవలెను. గార్డుపై రాష్ట్ర, కేంద్రముల అధికారములలో సమతూకమును తిరిగి నెలకొల్పుటకు కాంగ్రెసు సభ్యులు పనిచేయవలెను. ఇరాక్‌నుండి సైన్యమును తిరిగి రప్పించుటకు అధ్యక్షుడు, కాంగ్రెసు చర్యలు తీసికొనవలెను.

2005 మార్చి 1న, వెర్మాంట్ గ్రామసభల దినమున, సుమారు 50 ఊళ్లు ఈ తీర్మానమును చర్చించగా అత్యధిక భాగము ఆమోదించాయి. తరువాతి సంవత్సరము 2006 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రములో 32 పట్టణములు, గ్రామములు ఇరాక్‌నుండి సైన్యమును రప్పించుటపై ఓటు వేయగా, 24 చోట్ల అనుకూల ఫలితము వచ్చింది. 8 చోట్ల ఓడిపోయింది. ఇరాక్‌నుండి అమెరికా సైన్యము ఉపసంహరణ 2011 డిసెంబరులో గాని పూర్తి కాలేదు.

కేంబ్రిడ్జికిని, వెర్మాంట్‌కును భేదమెక్కడ? కాలము వేరు, యుద్ధము వేరు, భర్తీ పద్ధతి వేరు. అందువలన ఈ రెంటిని ఒకే త్రాసులో తూచలేము. అయినను ఒక భేదము స్పష్టము. వెర్మాంట్ కాగితములో మొదటి మాట దూరదేశపు రాజకీయమును గూర్చినది కాదు. ఈ ఊరినుండి వెళ్లినవారు లేనందున ఈ ఊరికి ఏమి జరుగుచున్నదన్న విచారణ అది. ద్వితీయోపదేశకాండము 20లో నాయకులు అడిగిన ప్రశ్నలకు ఇది దగ్గరగా ఉన్నది. సైనికుని ఇంటివారు ఆ కాగితములో నిందితులుగా నిలువలేదు. వారి భారమే దానికి ఆధారమయింది. తరువాత ఊరివారందరు ఒక గదిలో కూర్చుండి, ఒకరి ముఖము ఒకరు చూచుకొని మాట్లాడుకొన్నారు.

7. సంఘ కాపరికి పాఠములు

మొదటిది, సంతకము సాక్ష్యము వంటిది. నెహెమ్యా 10వ అధ్యాయములో నిబంధనకు ముద్రలు వేసినవారి పేర్లు వరుసగా వ్రాయబడ్డాయి. అయితే దానికి ముందు 8వ అధ్యాయములో ధర్మశాస్త్రము స్పష్టముగా చదువబడింది, జనులకు అర్థము చెప్పబడింది. చదివి వినిపించుట మొదట, ముద్ర తరువాత. మేము ఈ క్రమమును తలక్రిందులు చేశాము. ఒకరి తరపున ఒకరు సంతకము చేయరాదని ఆ దేశపు ఎన్నికల అధికారి పట్టుబట్టును. మన సంఘములలో ఇంటిపెద్ద ఇంటివారందరి పేర్లు వ్రాసివేయుట, పెద్దలు రానివారి పేర్లు కూడ చేర్చుట మనమెరుగని సంగతులు కావు. లోకసంబంధియైన అధికారికి ఉన్న జాగ్రత్త దేవుని ఇంటిలో లేకపోవుట సిగ్గుపడవలసిన విషయము.

రెండవది, పులపిట అధికారము సంతకముల కొరకు ఇవ్వబడలేదు. యుద్ధమును గూర్చి, న్యాయమును గూర్చి వాక్యము చెప్పునది ఏమిటో కాపరి ధైర్యముగా ప్రకటింపవలెను. దానిని మేము కాదనుట లేదు. కాని ఆశీర్వచనమునకు ముందు కాగితము పట్టుకొని నిలిచినప్పుడు, సంతకము చేయనివాడు దేవునికి విరోధియన్న భావము విశ్వాసులలో కలుగును. పావుగంటలో నిండిన కాగితము సంఘము యొక్క మనస్సును కాదు, కాపరి మాట చెల్లుబాటును మాత్రమే తెలిపింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడిపోయిన నూటికి 37 మంది ఓటులో మా మూడు నిండిన కాగితములకంటె ఎక్కువ సత్యమున్నది.

మూడవది, భారము మోయు ఇంటికి మొదట వెళ్లవలెను. సెలోపెహాదు కుమార్తెలు తమ విన్నపమును తామే తీసుకొనివచ్చి మోషే ఎదుట నిలిచారు (సంఖ్యాకాండము 27). వారికొరకు మరియొకరు మాట్లాడలేదు. దేవుడు వారి మాట న్యాయమని తీర్పు చెప్పాడు. సైన్యమును గూర్చిన విన్నపములో సైనికుని తల్లి, భార్య, అవ్వ మాట వినబడనిచో, ఆ కాగితము ఎంత మంచిదైనను అసంపూర్ణమే. వారు మనతో ఏకీభవింపకపోవచ్చును. జీతము, పెన్షను, గౌరవము, దేశభక్తి, ఇవన్నియు వారి ఇంటిలో నిజమైన సంగతులు. సైన్యపు ఉద్యోగము వలన పెంకుటిల్లు కట్టుకొన్న కుటుంబములు మన సంఘములలో ఉన్నాయి. వారిని శాంతికి విరోధులని తలంచుట అన్యాయము.

నాలుగవది, ఫలితమును బట్టి పనిని కొలువరాదు. కొలిచినను నిజాయితీగా కొలువవలెను. 1967 ఓట్ల తరువాత వియత్నామునుండి అమెరికా యుద్ధ సైన్యము తిరిగి వచ్చుటకు 1973 వరకు పట్టింది. మసాచుసెట్స్ చట్టమును కోర్టులు ఆపివేశాయి. లూకా 18లోని విధవరాలివలె మరల మరల వెళ్లినవారు ఉన్నారు గనుక ఆ ప్రశ్న చనిపోలేదు. కాని వారే యుద్ధమును ఆపారని చెప్పుట చరిత్రకు న్యాయము చేయుట కాదు. అనేక కారణములలో అది ఒకటి. కాపరి తన సంఘమునకు గెలుపును వాగ్దానము చేయరాదు. లూకా 14:31, 32లోని రాజు యుద్ధమునకు ముందు కూర్చుండి ఆలోచించినట్లు, మనము లెక్కచూచి ఆలోచించుటను మాత్రమే నేర్పగలము.

ముగింపు

ఆ మామ్మ వచ్చి వెళ్లిన రెండు దినములకు మేము ఆ మూడు కాగితములు పట్టుకొని ఆమె ఇంటికి వెళ్లాము. అరుగు మీద కూర్చుండి విన్నపమంతయు చదివి, మాటకు మాట అర్థము చెప్పాము. మీ మనుమని ఉద్యోగమునకు దీనితో సంబంధము లేదని, మన సైన్యమును ఆ దేశమునకు పంపవద్దని మాత్రమే ఇది కోరుచున్నదని వివరించాము. ఇష్టము లేనియెడల ఆమె వేలిముద్రను కొట్టివేయుదుమని కూడ చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “పంపొద్దనే గదా. ఉంచండి అయ్యగారూ. మరి వాడు పనిచేసే చోటు కోసం కూడా ఓ కాయితం రాయరాదూ? అక్కడా చలికి సచ్చిపోతన్నారంట” అన్నది.

మా విన్నపములో లేని సంగతి అది. ఆమెను మొదటనే అడిగియుంటే అందులో ఉండేది. ఆ సాయంకాలము యౌవనస్థులను పిలిచి ప్రతి ఇంటికి వెళ్లి కాగితమును చదివి వినిపించమని చెప్పాము. ఏడుగురు తమ పేర్లు తీసివేయమన్నారు. తీసివేశాము. మిగిలినవారి సంతకములే మా సంఘము యొక్క నిజమైన సంతకములు.

సెమినరీ విద్యార్థులు రేపు ఏదో ఒక సంఘములో కాపరులగుదురు. ఏదో ఒక కాగితము మీ చేతికి కూడ వచ్చును. అది యుద్ధమును గూర్చినదైనను, భూమిని గూర్చినదైనను, నీటిని గూర్చినదైనను, దానిని పులపిట మీదికి తీసుకొనిపోక ముందు, దాని భారము ఎవరి ఇంటి మీద పడునో ఆ ఇంటి గుమ్మము యొద్దకు వెళ్లండి. అక్కడ మొదట వినండి, తరువాత చదివి వినిపించండి, ఆ తరువాత కలము అందించండి.